బుగ్గల నిండా నీళ్లు

“టెన్ టికెట్స్... ఉప్పల్ రింగ్ రోడ్... ప్లీజ్!”

అన్నది లక్ష్మీనర్సమ్మ. కండక్టర్ పెన్ను చెవి మీద పెట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఏడికి పోవాలె అక్కా? సక్కగ తెలుగుల జెప్పరాదు?”

“నో తెలుగు. టుడే... ఓన్లీ ఇంగ్లీష్!”

బస్సులో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. కండక్టర్ కూడా నవ్వేశాడు. “ఓకే మేడం! టెన్ టికెట్స్!” అంటూ చరచరా చింపి ఆమె చేతిలో పెట్టాడు. లక్ష్మీనర్సమ్మ ముఖం వెలిగిపోయింది. పట్టుచీర కొనిచ్చినా అంత సంబరపడేది కాదేమో.

కిటికీ పక్కన గౌతమి పెదవులు బిగించుకుని కూర్చుంది. అమ్మ ‘టెన్’ అనేలోపే ఆ మాట గౌతమి నోటిదాకా వచ్చేసింది. దాన్ని ఆపుకోవడం ఎంత కష్టమైందో ఆ పిల్లకే తెలుసు.

గౌతమికి పదేళ్లు. చదివేది ఐదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తేస్తుంది. ఎవరైనా కథ మొదలుపెడితే చివర తానే చెప్పేస్తుంది. పిల్ల మంచిదే, పాపం. నోరే ఊరుకోదు.

లక్ష్మీనర్సమ్మ గౌతమి వాళ్లమ్మ. జనగామ అవతల ఒక పల్లె నుంచి వాళ్లు నాచారం వచ్చి కొన్నేళ్లయింది. అమ్మ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నాన్న హన్మయ్య ట్రాలీ ఆటో నడుపుతాడు. మెట్రో రైలు సంగతి ఇంకా ఎవరికీ తెలియని రోజులవి. ఉప్పల్‌లో కొత్తగా కట్టిన క్రికెట్ స్టేడియాన్నే అందరూ వింతగా చూసేవాళ్లు.

ప్రతి ఆదివారం పొద్దున నాచారం లైబ్రరీలో పేపర్లు చదివే పెద్దమనుషులు లేచి వెళ్లాక, అవే బల్లల చుట్టూ ఇంగ్లీష్ క్లాసు మొదలవుతుంది. చెప్పేది అరుణకుమారి టీచర్. ఆవిడ రాజమండ్రిలో బడి పంతులమ్మగా చేసి రిటైరై, ఇప్పుడు ఉప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. నేర్చుకునేవాళ్లంతా పెద్దవాళ్లే. భీమవరం నుంచి వచ్చిన టైలర్ భూషణం, నల్గొండ నుంచి వచ్చి బట్టల షాపులో పనిచేస్తున్న సూర్యకళ, ఇలా తలా ఒక ఊరు. గౌతమి ఊరికే అమ్మ కొంగు పట్టుకుని వస్తుంది.

నెలకో ఆదివారం మాత్రం క్లాసు లైబ్రరీలో ఉండదు. అందరూ కలిసి బయటికి వెళతారు. ఒకసారి పోస్టాఫీసుకి వెళ్లారు, ఇంకోసారి రైల్వే స్టేషన్‌కి. వెళ్లిన ప్రతిసారీ ఒకరు లీడర్. టికెట్లు కొనాలన్నా, దారి అడగాలన్నా ఆ రోజు లీడరే మాట్లాడాలి, అదీ ఇంగ్లీష్‌లో. మిగతావాళ్లు నోరు మెదపకూడదు. లీడర్‌కి మాట తట్టకపోతే తన చెవి తాను పట్టుకోవాలి. అప్పుడు మాత్రమే పక్కవాళ్లు ఆ మాట అందించాలి.

చెవి పట్టుకోకముందే అందించారా, అయిపోయారే! అందరికీ సమోసాలు పెట్టించాలి. భూషణం ఇప్పటికి రెండుసార్లు పెట్టించాడు.

ఈసారి లీడర్ లక్ష్మీనర్సమ్మ. ఆమెకిది వట్టి షికారు కాదు. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్‌కి ఒక ఇన్‌చార్జ్ కావాలి. కొత్త మేనేజర్ చెన్నై నుంచి వచ్చాడు. ఆయనకు తెలుగూ రాదు, హిందీ కూడా అంతంతమాత్రమే. ఇంగ్లీష్‌లో నాలుగు మాటలు మాట్లాడగలిగినవాళ్లు ఇంకో ఎనిమిది రోజుల్లో, పై సోమవారం కల్లా పేర్లు ఇమ్మన్నాడు. పనిలో లక్ష్మీనర్సమ్మకు వంక పెట్టేవాళ్లు లేరు. నోరు విప్పాలంటేనే ఆమెకు భయం.

“ఇయ్యాల తెల్వనోళ్లతోని ఇంగ్లీష్‌ల మాట్లాడిన్ననుకో, సారుకు నా పేరిస్త,” అని పొద్దున బయల్దేరేముందు అంది.

“మస్తు మాట్లాడతవ్ తియ్. ఫికర్ జేయకు,” అన్నాడు హన్మయ్య.

బస్సు దిగి నాగోలు వైపు కాస్త నడిస్తే ఒక మొక్కల నర్సరీ ఉంది. దాన్ని చూసుకునే మేడం కేరళ నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. తెలుగు ముక్క రాదు. అందుకే టీచర్ అందరినీ ఏరికోరి అక్కడికి తీసుకొచ్చింది. కండక్టర్‌తో అయితే మెల్లగా తెలుగులోకి జారిపోవచ్చు. ఇక్కడ ఆ ఆటలు సాగవు.

“గుడ్ మార్నింగ్! వెల్కమ్!” అంటూ మేడం మట్టి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

“గుడ్ మార్నింగ్ మేడం. వియ్ ఆర్... లైబ్రరీ క్లాస్,” అంది లక్ష్మీనర్సమ్మ.

మొదలు బాగానే కుదిరింది. “వాట్ ఈజ్ దిస్ ప్లాంట్?” అని అడిగింది. “హౌ మచ్ వాటర్?” అని అడిగింది. మేడం నిదానంగా జవాబులు చెబుతుంటే అందరూ తలలూపుతూ వెంట నడిచారు. సూర్యకళ గులాబీల దగ్గరే ఆగిపోతే టీచర్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

మల్లె మొక్కల దగ్గరికి రాగానే లక్ష్మీనర్సమ్మ తనంతట తానే ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“మేడం, వన్ క్వశ్చన్. మై హౌస్... జాస్మిన్ ప్లాంట్...”

అక్కడ మాట ఆగిపోయింది. ఆమె ఎండ పడకుండా పైన కట్టిన పచ్చటి వల వైపు చూస్తూ మాటల కోసం వెతుక్కుంటోంది. మేడం ఓపిగ్గా నిలబడింది. తన మీద తనకే నమ్మకం లేక భూషణం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

గౌతమికి మాత్రం కాళ్లు నిలవడం లేదు. అందరూ అమ్మనే చూస్తున్నారు. అమ్మ నుదుటి మీద చెమట పడుతోంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే నవ్వుతారేమో! అమ్మకు మల్లె మొక్క కావాలి, అంతే కదా. ఆ మాత్రం చెప్పడానికి ఇంత సేపా?

“మేడం! మై మదర్ వాంట్స్ ఎ న్యూ జాస్మిన్ ప్లాంట్. అవర్ ఓల్డ్ ప్లాంట్ ఈజ్ యూస్‌లెస్. ప్లీజ్ గివ్ అస్ ఎ గుడ్ వన్!” అని గడగడా అప్పజెప్పేసింది.

“ఓ! వాట్ లవ్లీ ఇంగ్లీష్!” అంటూ మేడం గౌతమి వైపు తిరిగిపోయింది. ఏ స్కూలు, ఏ క్లాసు అని అడిగింది. గౌతమి టకటకా జవాబులు చెప్పింది. తర్వాత మొక్కల గురించి కూడా గౌతమితోనే మాట్లాడింది. ఏమైనా చెప్పాలని తెరిచిన లక్ష్మీనర్సమ్మ నోరు మెల్లగా మూసుకుపోయింది. చివరికి మేడం ఏపుగా ఉన్న ఒక మల్లె కుండీ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

“థాంక్యూ,” అని డబ్బులిచ్చింది లక్ష్మీనర్సమ్మ. ఆ తర్వాత ఆ రోజంతా ఆమె ఇంకో ఇంగ్లీష్ మాట మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, “భూషణం అన్నా, టికెట్లు జర నువ్వే తీసుకో,” అంది తెలుగులో. కుండీ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సమోసాల మాట ఎవరూ ఎత్తలేదు.

వాళ్లు ఉండేది ఒక మేడ కింద వాటాలో. మెట్ల కింద పాత పెయింట్ డబ్బాలో ఒక మల్లె మొక్క ఉంది. దాని పక్కనే కొత్త కుండీ పెట్టింది అమ్మ.

“కొత్తది మస్తుంది కదమ్మా! పాతది పారేద్దామా?” అంది గౌతమి హుషారుగా.

“కొత్త చెట్టు కొననీకి పోలేదు బిడ్డా నేను.”

“మరి?”

“గిది ఆకు మస్తు పెడుతది. పువ్వు ఒక్కటి సుత పుయ్యదు. ఎందుకు పుయ్యదో అడుగుదామనుకున్న. వారం సంది ప్యాకింగ్ కాడ నిలవడి మనసుల అదే చదువుకున్న.”

అమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. “పోనీ తియ్. నువ్వు మంచిగనే మాట్లాడినవ్,” అని గౌతమి తల నిమిరింది. అప్పుడు గౌతమికి ఇంకా బాధేసింది.

“అమ్మా, మరి సారుకు పేరిస్తవా?”

“ఏం పేరిస్త బిడ్డా? చెట్టు ముచ్చటే అడగరాలే. సారుతోని ఏం మాట్లాడుత?” అని అమ్మ స్టవ్ వెలిగించడానికి లోపలికి వెళ్లిపోయింది.

గౌతమి మెట్ల మీద కూలబడింది. తాను మాట్లాడింది మంచి ఇంగ్లీషే. ఒక్క తప్పు లేదు. కానీ అందులో అమ్మ మాట ఒక్కటైనా ఉందా? అమ్మ అడగాలనుకున్నది ఒకటి, తాను అడిగింది ఇంకొకటి. గౌతమికి ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడే నాన్న ఇంటికి వచ్చాడు. చీకట్లో కాలు వెళ్లి కొత్త కుండీకి తగిలింది. “అబ్బా! ఎవర్రా ఈడ కుండీ పెట్టింది!” అని బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు. ఏడవబోయిన గౌతమికి నవ్వొచ్చేసింది. నవ్వితే నాన్న ఊరుకోడు కాబట్టి లోపలికి పరుగెత్తింది.

మర్నాడు బళ్లో భోజనం గంటలో హరిచందన పక్కన వచ్చి కూర్చుంది. “నీకో సంగతి చెప్పాలి. మా పిల్లి ఉంది కదా, నిన్న రాత్రి...”

“పిల్లల్ని పెట్టింది! అంతేనా?” అంది గౌతమి.

హరిచందన ముఖం చిన్నబోయింది. “కాదు. తప్పిపోయింది. రాత్రంతా వెతికాం. అదైనా నన్ను చెప్పనిస్తేగా,” అని డబ్బా మూసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

గౌతమి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. సాయంత్రం ఇద్దరూ కలిసి హరిచందన వాళ్ల వీధంతా వెతికారు. పిల్లి ఒక గోడ మీద దర్జాగా కూర్చుని దొరికింది. అది వేరే సంగతి. గౌతమికి మాత్రం తన నోటి మీద నమ్మకం పూర్తిగా పోయింది.

బుధవారం సాయంత్రం లైబ్రరీకి వెళ్లింది. అరుణకుమారి టీచర్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఏదో పుస్తకం చదువుకుంటోంది.

“టీచర్, ఆదివారం అమ్మకు మాట రాకపోతే నేను హెల్ప్ చేసిన. తప్పా?”

టీచర్ పుస్తకం దించింది. “మీ అమ్మ చెవి పట్టుకుందా?”

గౌతమి గుర్తు చేసుకుంది. అమ్మ ఒక చేత్తో కొంగు పట్టుకుంది. రెండో చెయ్యి మల్లె ఆకుల మీద ఉంది.

“లేదు,” అంది మెల్లగా.

“అయితే మాకు సమోసాలెప్పుడు పెట్టిస్తున్నావు?” అని నవ్వి, టీచర్ మళ్లీ పుస్తకంలో పడిపోయింది.

శనివారం రాత్రి నాన్న కాలు మళ్లీ కుండీకి తగిలింది. అదే కాలు, అదే వేలు. “రెండు కుండీలకు ఈడ జాగ లేదు. ఒకటి వాపస్ ఇచ్చి రాండ్రి, లేకుంటే నన్ను దవాఖానల పడేయిండ్రి!” అని నెత్తి పట్టుకున్నాడు.

గౌతమి చటుక్కున లేచింది. “అమ్మా, రేపు క్లాసు అయినంక పోయి ఇచ్చొద్దాం!”

“నువ్వూ నాయన పోయిరాండ్రి. నీకు ఇంగ్లీష్ వస్తది గద.”

“ఇంగ్లీష్ వస్తది గని చెట్టు ముచ్చట నాకు తెల్వదమ్మా. ఎందుకు పూస్తలేదో నేనెట్ల అడగాలె? నువ్వే రావాలె.”

అమ్మ కుండీని గోడ పక్కకు జరిపింది. వద్దని మాత్రం అనలేదు. సారుకు పేరివ్వడానికి ఇక సోమవారం ఒక్కటే మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కొత్త కుండీతో వచ్చి నర్సరీ గేటు దగ్గర ఆగారు. గౌతమి బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి గటగటా నోట్లో పోసుకుంది. మింగలేదు. బుగ్గలు రెండూ బూరెల్లా పొంగాయి.

“ఏందే గది?” అంది అమ్మ.

“మ్మ్,” అంది గౌతమి, పద లోపలికి అన్నట్టు చెయ్యి ఊపుతూ.

మేడం వాళ్లను చూసి గుర్తుపట్టింది. “హలో, మై లిటిల్ ఫ్రెండ్! హౌ ఆర్ యూ?”

“మ్మ్మ్!”

లక్ష్మీనర్సమ్మ ఆ బుగ్గల వంక చూసింది. పిల్ల ఎందుకిలా చేసిందో అప్పుడు అర్థమైంది. ఇక నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వుతోనే భయం సగం పారిపోయింది.

“మై డాటర్... గౌతమి. షి స్పీక్ మస్తు... వెరీ గుడ్ ఇంగ్లీష్. బట్ టుడే నో స్పీకింగ్! మౌత్... ఫుల్ వాటర్!”

మేడం కూడా పడీ పడీ నవ్వింది. “దెన్ యూ టెల్ మీ,” అని ఈసారి లక్ష్మీనర్సమ్మ వైపే తిరిగి నిలబడింది.

“మై హౌస్... జాస్మిన్ ప్లాంట్. ఓల్డ్ ప్లాంట్.”

మళ్లీ మాట ఆగింది. ఎక్కడో పైపులోంచి నీళ్లు పడుతున్న చప్పుడు. గౌతమి దవడలు లాగేస్తున్నాయి. మాటలన్నీ వచ్చి నీళ్ల వెనక నిలబడ్డాయి. అమ్మ మల్లె ఆకును వేళ్ల మధ్య పట్టుకుని ఆలోచించింది.

“లీఫ్... వెరీ మెనీ. ఫ్లవర్... నో. వై?”

“ఆహ్! వేర్ డూ యూ కీప్ ఇట్?” అంది మేడం.

“స్టెప్స్... స్టెప్స్ అండర్.”

“నో సన్?”

“నో సన్ మేడం. ఈవెనింగ్... లిటిల్ సన్.”

అదీ సంగతి! మెట్ల కింద మొక్కకు ఎండ ఎక్కడిది? మేడం కత్తెర తెచ్చి కొమ్మలు ఎక్కడ కత్తిరించాలో చూపించింది. ఎండలో పెట్టమంది, నీళ్లు తగ్గించమంది. లక్ష్మీనర్సమ్మ ఒక్కో మాటకీ తలాడించి, నమ్మకం చాలక మళ్లీ అడిగింది. “ఐ కట్... ప్లాంట్ నో డై?”

“నో, నో! ఇట్ విల్ బీ హ్యాపీ!”

తర్వాత అమ్మ ఇంకేదో అడగబోయింది. వేళ్ల కొసలు కలిపి మొగ్గలా చిన్నగా చూపించింది. మాట దొరకలేదు. అప్పుడు గౌతమి వైపు తిరిగి, చెవి పట్టుకుంది.

గౌతమి గబుక్కున నీళ్లు మింగింది. సగం లోపలికి పోయాయి, సగం గౌను మీద పడ్డాయి. దగ్గుతూ దగ్గుతూనే అంది, “బడ్! బడ్!”

అంతే. ఇంకో ముక్క మాట్లాడలేదు. మాట్లాడాలని లేదా అంటే ఉంది, బోలెడుంది. అయినా పెదవులు గట్టిగా మూసుకుంది.

“బడ్... కమ్... వెన్?” అని పూర్తి చేసింది అమ్మ.

“సమ్మర్ స్టార్ట్స్, బడ్స్ స్టార్ట్!” అంది మేడం. కొత్త కుండీ వెనక్కి తీసుకుని, దాని బదులు ఒక సంచి ఎరువు ఇచ్చింది. గేటు దాకా వచ్చి, “కమ్ అగైన్!” అని చెయ్యి ఊపింది. ఈసారి ఆ చెయ్యి ఊపింది అమ్మకే.

బస్‌స్టాప్‌లో అమ్మ ఎరువు సంచి చంకన పెట్టుకుని నిలబడింది. ముఖంలో ఆ వెలుగు మళ్లీ వచ్చింది.

“అమ్మా, రేపు సారుకు పేరిస్తవా?” అంది గౌతమి.

“టుమారో...” అని ఇంగ్లీష్‌లోనే మొదలుపెట్టింది అమ్మ. “టుమారో... ఐ...”

నాచారం బస్సు వచ్చి ఆగింది. “జల్ది ఎక్కుండ్రి! ఎక్కుతరా లేదా?” అని కేకేశాడు కండక్టర్. అమ్మ ఇంకా మాటలు కూడగట్టుకుంటూనే ఉంది. మిగతా వాక్యం గౌతమి నాలుక చివర సిద్ధంగా ఉంది. ‘టుమారో ఐ విల్ ట్రై.’ చెప్పేస్తే పనైపోతుంది, హాయిగా బస్సెక్కేయొచ్చు.

ఇప్పుడు నోట్లో నీళ్లు లేవు. అయినా గౌతమి చెప్పలేదు. పొమ్మన్నట్టు కండక్టర్‌కి చెయ్యి ఊపింది. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

“టుమారో ఐ గో మేనేజర్ సార్,” అంది అమ్మ నిదానంగా. “ఐ సే, సార్, మై నేమ్ లక్ష్మీనర్సమ్మ. ఐ నో ద వర్క్. గివ్ మీ ద లైన్.”

గౌతమి నోరు తెరుచుకుని చూసింది. తాను అనుకున్న వాక్యం ఇది కానే కాదు. అమ్మది దానికంటే చాలా బాగుంది.

“ఇంకా ఏమంటవ్ అమ్మా సారుతోని?” అని అడిగి, ఎరువు సంచి తాను అందుకుంది.

అమ్మ ఆలోచించసాగింది. గౌతమి ఎదురుచూస్తూ పక్కనే నిలబడింది.